రెండో సీడీ చూడని ఆదివారం

“హలో! లోకనాథం కేబులేనా? ఆ ఆడపిల్ల గొంతు చేత్తన్నది ఎవరండీ?”

ఫోన్లో అమ్మాయి గొంతు. కోపంగానే ఉంది. కానీ ఆ కోపం వెనకాల ఎక్కడో నవ్వు నక్కి కూర్చున్నట్టు కూడా ఉంది.

త్రినాథ్ రిసీవర్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మైకు స్విచ్చి ఆపేసి, “నేనేనండి. ఏం?” అన్నాడు.

“మీరా? మరి గురువు?”

“నేనేనండి.”

“ఆ జడల విలనూ?”

“అన్నీ నేనేనండి. ఒక్కణ్ణే ఉన్నాను.”

“మా అమ్మ ఏటంటందంటే, ఆ పిల్లకి గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుందంట. వట్టి అన్నం ముద్ద మింగమని చెప్పమంది.”

త్రినాథ్‌కి ఒళ్ళు మండింది.

ఆ కష్టం ఆయనకే తెలుసు. రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో కేబుల్ ఓనర్ లోకనాథం విశాఖపట్నం నుంచి ఒక గోనెసంచి నిండా పాత కుంగ్‌ఫూ సినిమాల సీడీలు తెచ్చాడు. మాటలు చైనా భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. మొదటి ఆదివారం ఉన్నదున్నట్టు వేస్తే అనకాపల్లి నాలుగు మూలల నుంచీ ఫోన్లు వచ్చాయి. దెబ్బలు బాగున్నాయి గానీ ఎందుకు కొట్టుకుంటున్నారో తెలియడం లేదని.

“అల్లుడూ, నువ్వు బీయే చదివేవు కదా! కింద ఇంగ్లీషు చూసుకో, పైన తెలుగు చెప్పేయ్,” అన్నాడు లోకనాథం. అల్లుడూ అనడం ఆయన అలవాటు. ఆయనకి కూతుళ్ళు లేరు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, గవరపాలెంలో మూడో అంతస్తు మీది రేకుల గదిలో, త్రినాథ్ మైకు ముందు కూర్చునేవాడు. మాటలప్పుడు సౌండు తగ్గించి తను మాట్లాడేవాడు. దెబ్బలప్పుడు సౌండు పెంచి మంచినీళ్ళు తాగేవాడు. అప్పజెప్పిన పని కాబట్టి శనివారమే ఒక్కో సినిమాకుండే రెండు సీడీలూ వేసుకుని చూసి, తెలియని మాటలకి డిక్షనరీ వెతుక్కునేవాడు. ఇంగ్లీషులో ఉన్నదానికి ఒక్క మాట కూడా కలిపేవాడు కాదు.

అంత చేస్తే, చేపముల్లు!

“అంత బాగా వచ్చినవాళ్ళయితే మీరే వచ్చి చెప్పండి,” అన్నాడు.

“వత్తాను. ఎక్కడికి రావాలి?”

ఆ మాట ఆయన ఊహించలేదు. తడబడుతూ గుర్తులు చెప్పి, “మెట్లు నిటారుగా ఉంటాయి, జాగ్రత్తగా రండి,” అని కూడా అన్నాడు. ఆయనకి కోపంలో కూడా మర్యాద తప్పదు.

ఈలోగా తెర మీద దెబ్బలాట అయిపోయింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చైనా హీరో నోరు కదుపుతున్నాడు. మాట మాత్రం బయటికి రావడం లేదు.

*

తరవాతి ఆదివారం వానలో గొడుగు దులుపుకుంటూ ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

“నేనేనండి. ముల్లు తియ్యడానికి వచ్చేను.”

పేరు సత్యలక్ష్మి. ఊళ్ళోనే ఒక కాన్వెంటులో లెక్కలు చెబుతుంది. తండ్రి కన్నారావు పూడిమడకలో బోటు మీద వేటకి వెళతాడు. తల్లి తలుపులమ్మ అనకాపల్లి చేపల బజార్లో కూర్చుని అమ్ముతుంది. ఆదివారం బేరాలు ముగించుకుని, స్నానం చేసి, రెండు కొట్టేసరికి టీవీ ముందు ఉంటుంది. కుంగ్‌ఫూ సినిమా అంటే ఆవిడకి ప్రాణం.

లోకనాథం ఆ పిల్ల వంకా, త్రినాథ్ వంకా మార్చి మార్చి చూసి, “కూకోమ్మా,” అని తన స్టూలు ఇచ్చేశాడు.

తెర మీద పూటకూళ్ళ ఇల్లు. కత్తి పట్టుకుని హీరోయిన్ లేచింది. కింద ఇంగ్లీషులో రెండే మాటలు. త్రినాథ్ గుసగుసగా, “‘ఎవరికుంది ధైర్యం?’ అనండి,” అన్నాడు.

సత్యలక్ష్మి మైకు దగ్గరికి వంగింది.

“ఎవర్రా అది? కొనేది లేదు, పెట్టేది లేదు, తట్టలో చెయ్యెడతావా? ఆ చెయ్యి ఇక్కడే ఉంచి ఎల్లు!”

కింద వీధిలో ఎవరో పగలబడి నవ్వారు. వెంటనే ఫోను మోగింది. ఒకటి కాదు, పెట్టేలోపు మళ్ళీ మళ్ళీ.

దెబ్బలాట మొదలవగానే త్రినాథ్ మైకు ఆపాడు. “అక్కడ అలా లేదండీ. రెండు మాటలే ఉన్నాయి.”

“ఆవిడ నోరు ఎంతసేపు కదిలిందో చూసేరా? రెండు మాటలకి అంత నోరెందుకు కదులుతాదండీ? మిగతాది ఇంగ్లీషోడు మింగేసేడు.”

త్రినాథ్ ఆలోచించాడు. మింగేసి ఉండవచ్చు. కాని దానికి తన దగ్గర ఆధారం లేదు.

“నాకైతే లేనిది చెప్పడం రాదండీ,” అన్నాడు.

“తెలుత్తానే ఉంది,” అందామె.

*

అలా ఆదివారాలు గడిచాయి. మైకు ఒక్కటే. తలలు రెండు. తన వంతు వచ్చినప్పుడు ఆమె మోచేత్తో పొడిచేది. ఆ పోటు కోసం త్రినాథ్ సోమవారం నుంచీ ఎదురుచూస్తున్నాడన్న సంగతి ఆయనకే శనివారం దాకా తెలిసేది కాదు.

ఒకరోజు సినిమా మధ్యలో ఆకాశం నల్లబడింది. తెర మీద మాత్రం మండుటెండ. ఎడారి. జడల విలన్ ఎత్తుగడలు వేస్తున్నాడు. రేకుల మీద మొదటి చినుకులు టపటపలాడాయి. సత్యలక్ష్మి ఒక్కసారిగా మైకు లాక్కుని, హీరోయిన్ గొంతుతో, “గురువుగారూ, వాన వత్తంది! డాబా మీద బట్టలు తియ్యండి!” అని కేకేసింది.

కిటికీలోంచి చూస్తే గవరపాలెం డాబాలన్నిటి మీదా ఆడవాళ్ళు పరుగులు పెడుతున్నారు. ఒకావిడ చీరలు చంకన పెట్టుకుని, ఈ రేకుల గది వైపు చెయ్యెత్తి దణ్ణం కూడా పెట్టింది.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ తరవాత సీను గురువుగారి శవయాత్ర. ఆ రోజు అనకాపల్లిలో ఆ శవయాత్ర కిలకిలా నవ్వుతూ సాగింది.

సినిమా అయ్యాక వాన తగ్గేదాకా మెట్ల మీద నిలబడ్డారు.

“మీకు ఈ సినిమాలంటే అంత పిచ్చేటండీ?” అంది సత్యలక్ష్మి.

“మాది రోలుగుంట అవతల, కొండ మీద. గెడ్డ నుంచి కావిడితో నీళ్ళు మొయ్యాలి. హైస్కూల్లో ఉండగా ఒక కుంగ్‌ఫూ సినిమా చూశాను. అందులో హీరో కావిడి వేసుకుని నీళ్ళు మోస్తూ మెట్లెక్కుతున్నాడు. చైనా వాళ్ళకి కూడా కావిడి ఉందా అనుకున్నాను.” త్రినాథ్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గొడుగు పట్టుకున్నాడు. అది ఆమె గొడుగు. “మన సినిమాల్లో హీరో పుట్టడమే హీరోగా పుడతాడండీ. ఇతనికేమో మొదట ఏదీ రాదు. ఊడుస్తాడు, నీళ్ళు మోస్తాడు, తిట్లు తింటాడు. చివరికి నేర్చుకుంటాడు. మా ఇంట్లో నాకన్నా ముందు కాలేజీ మొహం చూసినవాళ్ళు లేరు. ఆ హీరోని చూస్తే, సరే, మనం కూడా మోసేద్దాం అనిపించేది.”

సత్యలక్ష్మి ఆయన్ని చూసింది. ఎగతాళి లేకుండా చూడటం అదే మొదటిసారి. ఆ చూపుకి త్రినాథ్ ఒక మెట్టు కిందికి దిగిపోయాడు.

“మరి మీకెందుకు ఇష్టమండీ?”

“నాకా?” ఆమె వాన వైపు తిరిగింది. “దెబ్బలుంటాయి కదా, అందుకు,” అని గొడుగు లాక్కుని, ఆ నిటారు మెట్లన్నీ గబగబా దిగిపోయింది.

*

కార్తీకంలో ఒక ఆదివారం ఆమె చెప్పులు వేసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అంది.

“వచ్చేవారం సినిమా అయిపోగానే ఎల్లిపోవాలి నేను.”

“ఏం?”

“అయిదింటికి పెళ్ళిచూపులు. ఉమామహేష్ అంట. పోర్టులో ఉద్యోగం. మావాళ్ళే.” చెప్పు బకిలు ఎంతకీ పడటం లేదు ఆమెకి. “ఏటంటారు?”

త్రినాథ్ గుండెలో ఎవరో గాల్లోకి ఎగిరి తన్నారు. కాని ఆయన తలలో ఉన్నది వేరే. తండ్రి జోగి, తల్లి కొండతల్లి కొండ మీద రాగులు పండించి చదివించారు. బీయెడ్ సీటు ఇంకా రాలేదు. చేతిలో ఉన్నది ఒక మైకు, అది కూడా లోకనాథానిది. ఏ మొహం పెట్టుకుని ఏం అనాలి?

“మంచిదే కదండీ,” అన్నాడు.

“మంచిదే,” అంది సత్యలక్ష్మి. ఆ రోజు మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు సినిమాలో దెబ్బల కన్నా గట్టిగా వినిపించింది.

లోకనాథం మరమరాలు నములుతూ అంతా విన్నాడు. “అల్లుడూ, ఊళ్ళో వాళ్ళందరికీ అందరి డైలాగులూ చెప్తావు. నీది నువ్వు చెప్పుకోవేటి?”

“ముందు బీయెడ్ సీటు రానీ మామా.”

“నీకు సీటొచ్చేసరికి ఆ పిల్ల పిల్లల్ని బడిలో ఏత్తాది!”

*

ఆ శనివారం త్రినాథ్ కొత్త సినిమా మొదటి సీడీ చూశాడు. రెండోది పెట్టబోతుంటే కరెంటు పోయింది. వచ్చాక కూడా చూడబుద్ధి కాలేదు. రెండో సీడీలో ఏముంటుంది, పగ తీర్చుకుంటాడు, అంతే కదా అనుకున్నాడు. ఒప్పుకున్న పనిలో ఆయన చేసిన మొదటి ఎగవేత అదే.

ఆదివారం సత్యలక్ష్మి పట్టుచీర కట్టుకుని వచ్చింది. పెళ్ళిచూపుల చీర. పలకరించలేదు. మోచేత్తో పొడవకుండా, స్టూలు జరుపుకుని మరీ దూరంగా కూర్చుంది.

సినిమాలో ఒక గురువు ఇద్దరు అనాథ పిల్లల్ని పెంచుతాడు. ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. ఇద్దరి మెడలోనూ చెరో ముక్క పచ్చరాయి. పెద్దయ్యాక ఒక సాయంత్రం గెడ్డ ఒడ్డున హీరో ఆ పిల్ల ఎదుట నిలబడి మాట్లాడతాడు. చాలాసేపు మాట్లాడతాడు. కింద ఇంగ్లీషులో మాత్రం ఒకటే ముక్క, ‘మోకాళ్ళు ఇంకా వంచు’ అని.

త్రినాథ్ ఆ ముక్క చూశాడు. హీరో నోరు చూశాడు. పక్కనున్న పట్టుచీర చూశాడు. గోడ గడియారం చూశాడు.

“నీకు సంబంధం వచ్చిందన్నావు,” అన్నాడు మైకులో. “నేను మంచిదే అన్నాను. అబద్ధం చెప్పాను. నాకు అబద్ధం చెప్పడం రాదు, అందుకే అంత చెడ్డగా చెప్పాను. నాకు ఆస్తి లేదు. ఇంకా ఏదీ కాలేదు నేను. కానీ నువ్వు పక్కన లేకపోతే నాకు ఒక్క మాట కూడా నోట్లోంచి రాదని తెలిసిపోయింది. నీకు ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే ఈ మాట నీళ్ళలో కలిపేసెయ్.”

హీరో నోరు సరిగ్గా అక్కడ మూతపడింది.

తెర మీద ఆ పిల్ల గిర్రున తిరిగి హీరో గుండెల మీద తన్నింది. సత్యలక్ష్మి స్టూలు జరుపుకుని మైకు దగ్గరికి వచ్చేసింది.

“ఇన్నాళ్ళూ నోట్లో ఏటెట్టుకుని కూకున్నావురా?” అంది హీరోయిన్, అనకాపల్లి అంతా వినేటట్టు.

మొదటి సీడీ అయిపోయింది. లోకనాథం చీరల కొట్టు ప్రకటన వేసి, ఫోన్లు ఎత్తుకోవడానికి కూర్చున్నాడు. ఆ ఇద్దరికీ పెళ్ళి చెయ్యకపోతే మీ కేబులు తీగ పీకేత్తాం అంటున్నారు జనం.

సత్యలక్ష్మి చీర అంచు చూసుకుంటూ, “మోకాళ్ళు వంచమని కదా అక్కడుంది?” అని అడిగింది.

“అవునండి.”

“లేనిది చెప్పడం రాదన్నారు?”

“లేనిది చెప్పలేదండి.”

ఆమె నోరు తెరిచింది. అంతలో లోకనాథం, “కబుర్లాపండి, రెండో సీడీ!” అని మీట నొక్కేశాడు.

*

రెండో సీడీ మొదట్లోనే గురువు విలన్ చేతిలో దెబ్బ తిని మంచం పట్టాడు. హీరోనీ, హీరోయిన్‌నీ పిలిచి, ఇద్దరి మెడల్లోని పచ్చరాళ్ళు తీసి, పక్కపక్కన పెట్టాడు. రెండూ అతుక్కుని ఒకే రాయి అయ్యాయి. గురువు పెదాలు కదిలాయి. కింద అక్షరాలు పడ్డాయి.

‘యూ ఆర్ బ్రదర్ అండ్ సిస్టర్.’

త్రినాథ్ ఆ అక్షరాలు రెండోసారి చదివాడు. గురువు నోరు కదులుతూనే ఉంది. గవరపాలెంలో, చేపల బజారు వెనక, రైల్వే స్టేషన్ అవతల, ప్రతి ఇంట్లోనూ జనం మెడలు సాచి ఎదురుచూస్తున్నారు.

“అన్నాచెల్లెళ్ళంట,” అన్నాడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

“కనపడతాంది.”

“ఇప్పుడెలాగ? నేను గెడ్డ ఒడ్డున...”

“తప్పుకో,” అంది సత్యలక్ష్మి. మైకు లాక్కుని, పళ్ళు లేని ముసలాయన గొంతు పెట్టింది.

“నాయనా... ఇన్నాళ్ళూ సెప్పలేదు. మీ నాయనకి ఒక సెల్లెలుండీది. ఈ పిల్ల ఆవిడ కూతురే. నీకు సొంత మేనత్త కూతురు! ఈ రాయి మీ తాత తన బిడ్డలిద్దరికీ సగం సగం పంచి ఇచ్చినాది. నాకింక బెంగ లేదు...”

తెర మీద హీరో, హీరోయిన్ ఒకరినొకరు చూసుకుని వెక్కి వెక్కి ఏడవసాగారు.

ఏదో ఒకటి అనాలి. త్రినాథ్ కళ్ళు మూసుకుని జీవితంలో మొదటిసారి లేనిది కలిపాడు.

“మరదలా!” అన్నాడు.

“బావా!” అంది సత్యలక్ష్మి.

కిటికీలోంచి ఈలలు వినిపించాయి. ఆ పిలుపు సినిమాలోదేనని త్రినాథ్ తనకి తాను నచ్చజెప్పుకున్నాడు గానీ, చెవులు మాత్రం వినలేదు.

గురువుని చంపిన విలన్‌తో ఆఖరి దెబ్బలాట మొదలైంది. ఇక చాలాసేపు మాటల్లేవు. సౌండు పెంచి మైకు ఆపగానే ఫోను మోగింది. త్రినాథే ఎత్తాడు.

“బాబూ, నాను తలుపులమ్మని. సత్య అమ్మని.”

త్రినాథ్ లేచి నిలబడ్డాడు. “చెప్పండమ్మా.”

“ఈ సినిమా నాను పెళ్ళి కాకముందు నక్కపల్లి టెంటులో సూసేను. అప్పుడు మాటలు సెప్పీవోడు లేడు. అయినా ఆ ముసిలోడు రాళ్ళు రెండూ అతికించి, ఇద్దరి నెత్తి మీదా సెయ్యెట్టినప్పుడు టెంటు టెంటంతా గొల్లున ఏడిసేం. ఇన్నేళ్ళైనా మరిసిపోనేదు. ఆల్లు అన్నాసెల్లెల్లు బాబూ.”

“అవునండి.”

“మరి గెడ్డ కాడ ఆ మాటలెక్కడివి?”

తెర మీద విలన్ హీరోని గోడలోంచి అవతలికి విసిరేశాడు. త్రినాథ్ గోడకి ఆనుకున్నాడు.

“అవి నావండి.”

“ఎవులికి సెప్పేవు?”

“మీ అమ్మాయికండి.”

అటు వైపు దెబ్బల చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఆవిడ టీవీలోది.

“నోరిప్పడానికి సీనావోడు కావలసొచ్చేడేటి నీకు?”

“అవునండి. తప్పే.” అని ఊరుకోకుండా అడగనివి కూడా చెప్పేశాడు. “మాది కొండ మీద ఊరండి. రాగులు, జీడిమామిడి. నాకింకా సరైన ఉద్యోగం లేదు. బీయెడ్‌కి రాస్తున్నాను. మీవాళ్ళబ్బాయిని కాదు నేను, మీవాళ్ళు ఏమంటారో తెలీదు.”

“సముద్రపోల్లం మేం, కొండోల్లు మీరు. మద్దిన అనకాపల్లి ఉంది కదా, ఇద్దరం ఇక్కడే బేరాలాడుకుంటాం.” తలుపులమ్మ గొంతు సవరించుకుంది. “సేప తింతావా?”

“తింటానండి.”

“ముల్లు తీసుకోడం వొచ్చా?”

“నేర్చుకుంటానండి.”

“ఒక మాట సెప్తాను ఇను. మా సత్యకి ఈ సినిమాలంటే సిన్నప్పట్నుంచీ పడదు. నాను టీవీ ఎడితే లెగిసి ఎలిపోయీది. అలాటిది శ్రావణం కాణ్ణుంచి ఆదివారం పన్నెండింటికే సెప్పులేసుకుని గుమ్మంలో కూకుంటంది. ఇదేటి మాయ అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. ఫోను దానికియ్యి.”

త్రినాథ్ రిసీవర్ అందిస్తూ, “మీకు కుంగ్‌ఫూ సినిమాలు ఇష్టం లేదా?” అన్నాడు.

“అస్సలు లేదు,” అని ఫోను అందుకుంది సత్యలక్ష్మి. “ఊఁ... ఊఁ... అవునమ్మా... నేనే బావా అన్నాను... ఆ పోర్టోళ్ళకి నువ్వే ఫోను చెయ్యి, నాన్నకీ నువ్వే చెప్పు... ఏటీ, మాఘంలోనా?” అంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఫోను పెట్టేసి, స్టూలు మీద కూర్చుని, తెర వైపే చూస్తూ చెప్పింది. “మీ అమ్మనీ నాన్ననీ కొండ దిగి రమ్మంది. వచ్చే ఆదివారం.”

“సినిమా...”

“సినిమా అయ్యాకే. ఆవిడ సినిమా మానుతాదేటి?”

అప్పుడు త్రినాథ్ నవ్వాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. లోకనాథం మరమరాల పొట్లం ఇద్దరి మధ్యా పెట్టి, “నోరు తీపి చెయ్యడానికి ఇదే ఉంది, సద్దుకోండి,” అన్నాడు.

తెర మీద విలన్ నేల కూలాడు. కూలగానే బొమ్మ ఆగిపోయింది. ‘ది ఎండ్’ పడింది. పాత కుంగ్‌ఫూ సినిమాల తీరే అంత, శత్రువు పడిపోతే ఇంక ఒక్క క్షణం కూడా ఆగవు.

వెంటనే ఫోను మోగడం మొదలైంది. లోకనాథం ఎత్తితే అందరిదీ ఒకటే గోల. మేనత్త కూతురన్నారు, బావా అనిపించారు, పెళ్ళి చూపించకుండా ఆపేసేరేటి? ఇది అన్యాయం కాదా?

“ఏటి చెప్పమంటావు అల్లుడూ?” అన్నాడాయన, రిసీవర్ని ఆమడ దూరంలో పట్టుకుని.

త్రినాథ్ కింద అక్షరాల కోసం చూశాడు. లేవు. నల్లటి తెర ఒక్కటే ఉంది.

సత్యలక్ష్మి మోచేత్తో ఆయన్ని పొడిచి, మైకు దగ్గరికి వంగి, స్విచ్చి వేసింది.

“పెళ్ళి మాఘంలో,” అంది. “శుభలేఖ అందకపోయినా అందరూ రావాలి.”

ఈసారి ఆమె గొంతు మార్చలేదు.